రెండవ మందు ఎవరి కొరకు?

ధ్యాన భాగము: మార్కు సువార్త 9:14–29



మూర్ఛరోగముగల బిడ్డకు ఒక మందు వాడుచుండగా మూర్ఛలు తగ్గినవి గాని నిలిచిపోలేదు. అప్పుడు వైద్యుడు ఆ మందును ఉండనిచ్చి, దానికి తోడుగా మరియొక మందు వ్రాయును. అట్టి చీటి చేతపట్టుకొని తలిదండ్రులు పాదిరిగారి యింటికి వచ్చుట మా గ్రామములలో క్రొత్త కాదు. వారు మమ్మును అడుగునది మందు పేరు కాదు, దాని వెల కాదు. “అయ్యగారూ, ఒక మందుకే పిల్లవాడు మబ్బుగా పడి ఉంటున్నాడు. రెండోది కూడా వేస్తే బిడ్డకు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?” అని అడుగుదురు.

ఏ మందు, ఎంత మోతాదు అనునది వైద్యుని పని. మేము అందులో వ్రేలు పెట్టము. అయితే ఈ ప్రశ్నలో వైద్యశాస్త్రము ఒక్కటే జవాబు చెప్పజాలని భాగము కలదు. మేలు అనగా ఏమి? ఆ మేలు ఎవరికి? దానిని కొలుచువారెవరు? ఈ నెల మనము దీనిని గూర్చి ధ్యానింతము.

మన ధ్యాన భాగములో ఒక తండ్రి తన కుమారుని ప్రభువునొద్దకు తీసికొనివచ్చెను. బాలుడు నేల కూలుట, దేహము బిగిసిపోవుట, నోట నురుగు వచ్చుట అందు వ్రాయబడియున్నవి. మూర్ఛ వచ్చిన బిడ్డను ఒక్కసారి చూచినవారు ఆ వర్ణనను వెంటనే గుర్తుపట్టుదురు. శిష్యులు బాగుచేయలేకపోయిరి. శాస్త్రులు వారితో తర్కించుచుండిరి. జనులు చుట్టు మూగిరి. ఇంతమంది మాటలాడుచుండగా, ఎవని కొరకు ఈ గొడవ జరుగుచున్నదో ఆ బాలుడు మాత్రము కథ యంతటిలో ఒక్క మాటయు పలుకడు. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొనుడి; మరల దీనియొద్దకు వచ్చెదము.

స్వస్థపరచుటకు ముందు ప్రభువు తండ్రిని ఒక ప్రశ్న అడిగెను: ఇది ఎంత కాలమునుండి ఉన్నదని. తండ్రి పసితనమునుండి అని చెప్పి, నిప్పులోను నీటిలోను పడిన ఆపదలను చెప్పుకొనెను. సర్వము ఎరిగినవాడు అడుగనేల? వినవలెనని అడిగెను. బాధ చూచినవాడు తన నోట చెప్పుకొనుటకు ఆయన చోటు ఇచ్చెను. నేటికిని మంచి వైద్యుడు మూర్ఛరోగిని చూచునప్పుడు మొదట చేయు పని ఇదియే గదా!

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. మార్కు ఆ బాలునిలో అపవిత్రాత్మ ఉన్నదని వ్రాసెను గనుక మూర్ఛగల ప్రతి బిడ్డకు దయ్యము పట్టినదనియు, మందు వాడుట అవిశ్వాసమనియు చెప్పువారు ఉన్నారు. వారు మత్తయి 4:24 చదువవలెను. అక్కడ దయ్యము పట్టినవారు ఒక తరగతిగాను, చాంద్రరోగులు వేరొక తరగతిగాను చెప్పబడిరి. లేఖనమే వేరుచేసిన దానిని మనము కలుపరాదు. మూర్ఛ మెదడులోని విద్యుత్ ప్రవాహము కొంతసేపు అదుపు తప్పుటవలన కలుగునని నేడు మనకు తెలియును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము సుమారు 5 కోట్లమందికి ఈ రోగమున్నది. సరియైన చికిత్స దొరికినయెడల వారిలో 100కి 70 మందివరకు మూర్ఛలు లేకుండ బ్రదుకగలరు.

ఈ మందుల కథయు ఆలోచింపదగినదే. 1857లో లండను వైద్యుడు చార్లెస్ లోకాక్ బ్రోమైడు మేలుచేయుచున్నదని చెప్పెను. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మాన్ ఫినోబార్బిటోన్ గుణమును కనుగొనెను. 1938లో అమెరికాలో మెరిట్, పుట్నమ్ అనువారు ఫెనిటాయిన్‌ను వెలుగులోనికి తెచ్చిరి. 1963లో ఫ్రాన్సు దేశములో ఇతర మందులను కరిగించుటకు వాడుచుండిన ద్రావకమే మూర్ఛను ఆపుచున్నదని తెలిసెను, అదియే వాల్‌ప్రోయేట్. ఆ తరువాత మరి అనేకములు వచ్చినవి. పనివారి ఓర్పువలనను, వారు వెదకని చోటను కూడ ఈ మేలులు మనకు దొరికినవి. వీటిని త్రోసివేయుట భక్తి కాదు.

ఇన్ని మందులు ఉన్నప్పుడు రెండు మూడు కలిపి మొదటనే ఇయ్యరాదా? ఇయ్యరు. మొదట ఒకే మందును, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుదురు. అది పనిచేయనియెడల దానికి బదులు మరియొకటి, లేక దానికి తోడు మరియొకటి. బండి బురదలో దిగబడినప్పుడు ముందు మరియొక జత ఎద్దులను కట్టుట మనము ఎరుగుదుము. ఊరకే కట్టము, గట్టు ఎక్కిన తరువాత విప్పుటయు మరువము. తోడు మందు అట్టిది. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున క్వాన్, బ్రోడీ అను వైద్యులు 2000 సంవత్సరములో ఒక పరిశీలన ప్రకటించిరి. అంతకుముందు ఏ మందు వాడని 470 మంది రోగులలో, పిల్లలును పెద్దలును కలిసి, 100కి 47 మందికి మొదటి మందుతోనే మూర్ఛలు నిలిచినవి. రెండవ మందుతో మరి 13 మందికి నిలిచినవి. మూడవ మందుతోనైనను, రెండు మందులు కలిపినను అట్లు పూర్తిగా నిలిచినవారు 100కి 4 గురు మాత్రమే.

కాబట్టి తోడు మందు వ్రాసిన నాడు వైద్యుడు తలిదండ్రులకు సంపూర్ణ స్వస్థతను వాగ్దానము చేయుట లేదు. ఏమి వాగ్దానము చేయుచున్నాడు? ఇది తెలియవలెనన్న, ఇట్టి మందులను ఎట్లు పరీక్షింతురో తెలిసికొనవలెను. బిడ్డ వాడుచున్న పాత మందును ఆపరు. దానిపైన కొందరికి క్రొత్త మందును, కొందరికి చూచుటకు అటువంటిదే అయిన మందులేని మాత్రను ఇత్తురు. ఎవరికి ఏది అందినదో ఇంటివారికిని, చూచుచున్న వైద్యునికిని తెలియదు. కొన్ని వారములైన తరువాత లెక్కింతురు. ఈ ఏర్పాటులో ఒక కనికరమున్నది: శోధన నిమిత్తమై ఏ బిడ్డయు బొత్తిగా మందు లేకుండ విడువబడదు. మందులేని మాత్ర తీసికొన్నవారిలో కూడ కొందరికి మూర్ఛలు తగ్గుట కద్దు; రోగము తనంతట తాను పెరుగుచు తరుగుచు ఉండును గనుక, ఇట్టి పోలిక లేక ఒక మందును మెచ్చుకొనరాదు.

అయితే లెక్కించునది ఏమి? మూర్ఛలు సగమైనను తగ్గినవారు ఎందరని లెక్కింతురు. అనేక పరీక్షలలో “ఫలించినది” అను మాటకు ఇదియే కొలత. నెలకు ఎనిమిది సార్లు పడిన బిడ్డ నాలుగు సార్లు పడినయెడల మందు ఫలించినట్లే. ఇది కొలతకు మంచిదే. ఏదో ఒక గీత గీయక తప్పదు. గాని ఆ నాలుగు ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. పొయ్యి దగ్గరనా, చెరువు గట్టుననా? నాలుగు మూర్ఛలున్నంతకాలము తల్లికి ఎనిమిది మూర్ఛల కావలి తప్పదు. కావున సగము అనునది కాగితముమీద సగమే గాని, ఇంటిలో కొన్నిసార్లు చాలా ఎక్కువ, కొన్నిసార్లు బహు తక్కువ.

మేము పనిచేసిన ఒక గ్రామములో పదమూడేండ్ల బాలుడు ఉండెను. నెలకు నాలుగైదు సార్లు పడుచుండెను. మొదటి మందుతో అవి మూడైనవి. రెండవది చేర్చిన తరువాత ఒకటికి దిగినవి. తండ్రి గోడమీది క్యాలెండరులో మూర్ఛ వచ్చిన దినమున ఎఱ్ఱ పెన్సిలుతో గీత పెట్టువాడు. గీతలు తగ్గగానే సంఘములో కృతజ్ఞతార్పణ ఇచ్చెను. మేమును సంతోషించితిమి. అయితే బడి పంతులుగారు, వాడు బల్లమీద తల ఆనించి నిద్రపోవుచున్నాడని చెప్పిరి. క్రిస్మస్ భజనలలో కంజిర వాయించుచుండిన పిల్లవాడు దానిని ముట్టుట మానెను. ఒక సాయంత్రము అరుగుమీద ఒంటరిగా కూర్చుండబెట్టి, “ఎట్లా ఉన్నావురా?” అని అడిగితిమి. వాడు కొంతసేపు ఊరకుండి ఇట్లనెను: “అయ్యగారూ, ఫిట్స్ వచ్చినట్టు నాకు తెలవదు. మీరంతా చెప్తేనే తెలుస్తుంది. ఈ మబ్బు మాత్రం పొద్దుగూకులూ నాకే తెలుస్తుంది.”

ఈ మాటను మేము బహుకాలము మరువలేకపోయితిమి. ఆ బాలునికి వచ్చు రకపు మూర్ఛలో స్పృహ ఉండదు. దానిని చూచునది మనము. చూచి భయపడునది మనము. గీతలు పెట్టి లెక్కించునది మనము. మందు బరువు మోయువాడు మాత్రము వాడు. మరి రెండవ మందు ఎవరి కొరకు? వాని కొరకా, చూడలేక తల్లడిల్లు మన కొరకా?

తొందరపడి జవాబు చెప్పకూడదు. “మన భయము తీర్చుకొనుటకే పిల్లలకు మందులు పోయుచున్నాము” అనుట సులభము, అది అబద్ధము. మూర్ఛ బిడ్డకు తెలియకపోయినను బిడ్డను కాల్చును, ముంచును, తల పగులగొట్టును. ఒకదాని వెంట ఒకటి ఆగక వచ్చినయెడల ప్రాణమునకే మోసము. దేహమంతయు కొట్టుకొను మూర్ఛలు అదుపులో లేనివారికి నిద్రలో అకస్మాత్తుగా మరణము సంభవించుట కూడ కలదు. సువార్తలోని తండ్రి నిప్పు, నీరు అని చెప్పినది ఊరక చెప్పలేదు. ఆ పదమూడేండ్ల వాని తండ్రియు, వంటల దినమున గాడిపొయ్యి ప్రక్కన కొడుకు పడిన సంగతి చెప్పుచు ఏడ్చెను. ఆ ఏడ్పు స్వార్థము కాదు.

కావున తండ్రి చెప్పినదియు సత్యమే, కొడుకు చెప్పినదియు సత్యమే. అయితే తండ్రి సత్యము క్యాలెండరుకు ఎక్కినది, కొడుకు సత్యము ఎక్కడికిని ఎక్కలేదు. అన్యాయము ఇక్కడ ఉన్నది. రెండవ మందు ఇచ్చుటలో లేదు. కొలిచినది మాత్రమే మేలు, కొలువనిది లేనట్లే అని తలంచుటలో ఉన్నది. మూర్ఛలను లెక్కించుట తేలిక. నిద్రమత్తును, చదువులో వెనుకబాటును, కారణములేని కోపమును, మాట తడుముకొనుటను ఎవరు లెక్కింతురు? లెవెటిరాసెటమ్ కొందరు పిల్లలకు చిరాకు, కోపము పుట్టించును. టోపిరమేట్‌తో కొందరికి సమయానికి మాట దొరకదు, ఆకలి మందగించును. క్లోబజామ్ మత్తు కలిగించవచ్చును. వాల్‌ప్రోయేట్ వాడుచున్న బిడ్డకు లామోట్రిజిన్ చేర్చినప్పుడు, మొదటిది రెండవదానిని శరీరమునుండి త్వరగా పోనియ్యదు. కనుక బహు కొద్దిగా మొదలుపెట్టుదురు, ఒంటిమీద దద్దు కనబడినయెడల ఆ దినమే వైద్యునికి చూపవలెను. ఇవి అందరికిని రావు. మందులను చూచి భయపడవలెనని మేము వ్రాయుట లేదు. వచ్చినప్పుడు వాటిని మొదట ఎరుగువాడు బిడ్డయే అని చెప్పుటకు వ్రాయుచున్నాము.

ఆ తండ్రి క్యాలెండరులో రెండవ రంగు గీత మొదలుపెట్టెను: బడిలో నిద్రపోయిన దినమునకు నీలి గీత. రెండు గీతలను వైద్యునికి చూపెను. వైద్యుడు రెండవ మందును ఉంచి, మొదటిదానిని కొన్ని నెలలలో కొంచెము కొంచెముగా తగ్గించెను. గట్టు ఎక్కిన బండికి ఎద్దులను విప్పినట్లే. మత్తు చాలావరకు విడిచెను. మూర్ఛ ఒక్కొక్క నెల ఒకటి, ఒక్కొక్క నెల రెండు వచ్చుచుండెను. మోతాదు మరల పెంచవలెనా అని వైద్యుడు అడిగినప్పుడు పిల్లవాడు, ఇంతే చాలునని చెప్పెను. వైద్యుడు తన హద్దులు చెప్పి ఒప్పుకొనెను: ఒంటరిగా నీటిలో దిగరాదు, నిప్పు దగ్గర పని చేయరాదు, రాత్రి ప్రక్కన ఒకరు పడుకొనవలెను. ఆ హెచ్చు మూర్ఛను చూచు బాధ తండ్రికి మిగిలెను. పిల్లవాడు మెలకువగా ఉండుటకు తండ్రి చెల్లించిన వెల అది. ప్రేమ కొన్నిసార్లు బిడ్డ భారమును తాను ఎత్తుకొనును. అన్ని ఇండ్లలోను ఇదే తీర్పు కావలెనని కాదు. మరియొక బిడ్డకు మూర్ఛలు అపాయకరమైనవైతే మత్తునే ఓర్చుకొనవలసివచ్చును. కాని అప్పుడును వానిని అడిగి, వానికి చెప్పి, వానితో కూడ ఓర్చుకొనవలెను.

ఎదిగిన ఆడపిల్లల విషయములో ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసియున్నది. గర్భిణిగా ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడిన తల్లులకు పుట్టు శిశువులలో 10 మందికి ఒకరికి అవయవలోపములు, 10 మందికి ముగ్గురు నలుగురికి బుద్ధి వికాసములో ఇబ్బందులు కలుగవచ్చునని పరిశీలనలు చూపినవి. పిల్ల యుక్తవయస్సుకు వచ్చుచుండగానే ఈ సంగతి ఆమెకును, తల్లికిని తెలియవలెను. వైద్యునితో మాటలాడి తగిన మందు ఏర్పరచుకొనవలెను. సొంతముగా ఆపివేయకూడదు. మన ఇండ్లలో జరుగుచున్నదేమి? పెండ్లి సంబంధము చెడునని రోగమును దాచుదురు, మాత్రలను దాచుదురు, చివరకు పెండ్లి పందిటి దినములలో మాత్ర వేసికొననియ్యరు. మూర్ఛరోగమును వివాహమునకు అడ్డుగా హిందూ వివాహ చట్టములోను, ప్రత్యేక వివాహ చట్టములోను ఉంచిన మాటను 1999లో ప్రభుత్వము తీసివేసెను. చట్టము విడిచిన దానిని క్రీస్తు సంఘము ఇంకను పట్టుకొనియుండుట తగునా?

ఇక రెండు తప్పుత్రోవలను గూర్చి హెచ్చరింపవలెను. స్వస్థత కూటములో ప్రార్థన జరిగినదని ఆ రాత్రియే మందులు పారవేయుట మొదటిది. ఈ మందులు, ముఖ్యముగా ఫినోబార్బిటోన్ వంటివి, ఒక్కసారిగా మానినయెడల ఆగని మూర్ఛలు రావచ్చును, ప్రాణము పోవచ్చును. బిడ్డకొరకు ప్రార్థించుటయు, మాత్ర వేయుటయు ఒకే చేతి పని. ప్రార్థించిన నోటితో మందు మానుమని చెప్పువాడు ఎవడైనను, మేము అతనిని గద్దింపక విడువము.

రెండవది, శ్రద్ధవలె కనబడు త్రోవ: ఒకటి తరువాత ఒకటి మందులను చేర్చుచునే పోవుట. తగినవిగా ఎన్నుకొనిన రెండు మందులు, తగిన మోతాదులో వాడినను మూర్ఛలు ఆగనప్పుడు దానిని మందులకు లొంగని మూర్ఛ అనవలెనని అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంఘము 2010లో నిర్ణయించెను. అప్పుడు బిడ్డను పెద్ద ఆస్పత్రికి పంపి, వేరే మార్గమున్నదేమో చూపవలెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2017లో ప్రకటించిన పరీక్షలో, శస్త్రచికిత్సకు తగినవారిగా ఎంచబడిన 18 సంవత్సరములు, అంతకు లోపు వయస్సుగల 116 మంది ఉండిరి. శస్త్రచికిత్స పొందిన 57 మందిలో సంవత్సరము తరువాత 100కి 77 మందికి మూర్ఛలు లేవు. మందులతో మాత్రమే వేచియున్న 59 మందిలో 100కి 7 గురికే లేవు. శస్త్రచికిత్స పొందినవారిలో సుమారు మూడవ వంతుకు తీవ్రమైన ఇబ్బందులు కలిగెను, పలువురికి ఒక ప్రక్క చేయి కాలు బలహీనపడెను. కనుక ఇదియు వెల లేని వరము కాదు. అయినను అట్టి మార్గమొకటి ఉన్నదని తలిదండ్రులకు చెప్పకుండ, అయిదవ మందు, ఆరవ మందు వ్రాయించుకొనుచు ఏండ్లు గడుపుట ఓర్పు కాదు.

సంఘముగా మనము చేయదగినది చాలా ఉన్నది. మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టుడి; నోటిలో నీళ్లు పోయకుడి, చేతిలో ఇనుము పెట్టకుడి; అయిదు నిమిషములు దాటినయెడల ఆస్పత్రికి తీసికొనిపోవుడి. రెండవ మందు కొనలేని ఇంటికి నెలనెల సహాయము అందించుడి. మధ్యలో మందు అయిపోవుట చాలా అపాయము. బావులకు పిట్టగోడలు కట్టుడి, పొయ్యిలను గట్టుమీదికి ఎక్కించుడి. బిడ్డను భజనలోనుండి, ఆటలోనుండి వెలివేయకుడి. కనిపెట్టి చూచు ఒక స్నేహితుని ప్రక్కన ఉంచుడి. అన్నిటికంటె ముఖ్యముగా, వైద్యుని గదిలో తలిదండ్రులు చెప్పి ముగించిన తరువాత, “మరి నీవేమి చెప్పెదవు?” అని బిడ్డను అడుగుమని కోరుడి.

సువార్తలోని తండ్రి తన విశ్వాసమును, దానిలోని కొరతను ఒకే ఊపిరిలో ఒప్పుకొనెను. అట్టి తండ్రులను ప్రభువు త్రోసివేయలేదు. సగము నిరీక్షణతో, సగము భయముతో రెండవ మందు చీటి పట్టుకొని వచ్చు తలిదండ్రులు ధైర్యము తెచ్చుకొందురు గాక. ఆ కథ చివర బాలుడు చచ్చినవానివలె పడియుండగా, పలువురు వాని పని అయిపోయినదని చెప్పుకొనిరి. ప్రభువు ఆ మాటలను లెక్కచేయక వాని చెయ్యి పట్టి లేవనెత్తెను; వాడు తన కాళ్లమీద నిలిచెను. మనము వాడు మందును, వేయు గీతయు, చేయు ప్రార్థనయు మన బిడ్డలు అట్లు తమ కాళ్లమీద మెలకువతో నిలుచుటకే కావలెను. ప్రభువు మనకు ఆ వివేకమును, ఆ ఓర్పును అనుగ్రహించును గాక. ఆమేన్.